అడవి బాటలో జీపు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పోయిన నెల చింతకాయ పచ్చడి గురించి చెప్పిన మనిషి ఈ నెల జీపు నడపడం గురించి చెబుతుందేమిటని మీరు ఆశ్చర్యపోతున్నారేమో. మా ఇంట్లోనూ అలాగే ఆశ్చర్యపోయారు. "రేడియోలో చెప్పడానికి ఇంకేం దొరకలేదా?" అన్నారు మా అత్తగారు. కాని పచ్చడికన్నా ఈ సంగతే మనకు ఎక్కువ అవసరమేమోనని నాకు తోచింది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మా మరిది రెండేళ్ళ కిందట జీపు లాంటి బండి ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. దానికి తారు రోడ్డు సయించదట! ఆదివారం వచ్చిందంటే స్నేహితులతో కలిసి మొయినాబాద్ అవతల ఎంకపల్లి వైపు బయలుదేరతాడు. అక్కడ తెలిసినవాళ్ళ సొంత భూమిలో, చెట్లూ బండలూ నిండిన పడావు నేలలో ఒక బాట చేసి పెట్టుకున్నారు. బాట అన్నానే గాని, మేకలు కూడా ఆలోచించి అడుగువేసే చోటది. ఒకచోట నిలువు గండి, ఒకచోట మెట్లు మెట్లుగా బండలు, ఇంకోచోట పక్కకి ఒరిగిన నేల, చివర ఒక బురద గుంట, దాని పక్కనే చిన్న వాగు. మగవాళ్ళు ఆ దారిన బళ్ళు నడిపేవాళ్ళు. మేం ఆడవాళ్ళం టిఫిను క్యారియర్లు పట్టుకెళ్ళి వేపచెట్టు కింద జంపఖానా పరుచుకుని, దుమ్ము పడకుండా పులిహోర మీద మూత పెట్టుకుని కూర్చునేవాళ్ళం.

మీలో ఆ వైపు వెళ్ళనివాళ్ళు ఉంటే రెండు మాటలు. మెహిదీపట్నం నుంచి అప్పా కూడలి దాటి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే మొయినాబాద్, ఆ తరవాత చేవెళ్ళ. రోడ్డుకి రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలా, చెట్లు ఉంచాలా అని వీటి మీద ఏళ్ళ తరబడి తగవు నడిచింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదుని ముంచేసిన తరవాత, మూసీ మీద గండిపేట చెరువు, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టించారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ చెరువుల్లోకి వచ్చే నీటిని కాపాడడానికి 1996లో 111 జీవో వచ్చింది. తరవాత దాని మీద మార్పులూ చర్చలూ చాలా జరిగాయనుకోండి. కాని ఇన్నాళ్ళూ ఆ చుట్టుపక్కల మేడలు మరీ దట్టంగా లేవకుండా, తంగేడూ మోదుగా సీతాఫలం పొదలూ ఇంకా మిగలడానికి అదొక కారణం.

అడవి అన్నాను కదా అని బండి తీసుకుని ఏ అడవిలోకైనా పోవచ్చు అనుకునేరు. పోకూడదు. మొయినాబాద్ పక్కనే చిలుకూరులో మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. 1994లో ప్రకటించారు. జింకలూ కణుజులూ ఉండే చోటు. అందులో మన బండి తోలుకుంటూ నచ్చిన దారిన తిరగడానికి వీల్లేదు. రిజర్వు అడవుల సంగతీ అంతే. 1967 నాటి అటవీ చట్టం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెడితే బండితో సహా పట్టుకుంటారు. పట్టుకోవడం న్యాయం కూడా. ఒక్క వానాకాలంలో పది బళ్ళు తొక్కితే ఆ గాడిలో ఏళ్ళ తరబడి గడ్డి మొలవదు. అందుకని నేను చెప్పేదంతా సొంతదారు ఒప్పుకున్న భూమిలో, అనుమతి ఉన్న బాటలో నడిపే సంగతే.

ఇక నా సంగతి. మా నాన్నగారు పరిగి వైపు ప్రభుత్వ జీపు డ్రైవరు. నా చిన్నప్పుడు, 1980ల చివర, ఆఫీసరుగారు లేనప్పుడు ఆ జీపులో ఒక వారగా కూర్చుని రెండు మూడు ఊళ్ళు తిరిగిన అదృష్టం నాకుంది. జీపు అనేది అమెరికా సైన్యం కోసం 1941లో పుట్టిన బండి. యుద్ధం అయిపోయాక మహీంద్రావారు 1940ల చివర బొంబాయిలో ఆ విల్లీస్ జీపుల్నే కూర్చడం మొదలుపెట్టారు. అక్కణ్ణించి మన తాసీల్దార్లూ, పోలీసులూ, టీకాలవాళ్ళూ, ఎన్నికల పెట్టెలూ, అన్నీ జీపులోనే కదండీ ఊళ్ళకి చేరింది. నాన్నగారి జీపులో గేరు కర్ర పక్కన ఇంకో రెండు చిన్న కర్రలు ఉండేవి. చెయ్యి వేయబోతే "బిడ్డా, గవి ముట్టకు. గవి బురదల పనికొచ్చేటివి" అనేవారు. బురదలో ఎలా పనికొస్తాయో నేను అడగలేదు. ఆడపిల్లకి చెప్పాలని ఆయనకీ తోచలేదు. మా అమ్మ అయితే ఆ జీపులో ముందు సీట్లో ఏనాడూ కూర్చోలేదు.

ముప్పై ఐదేళ్ళ తరవాత ఎంకపల్లిలో మా మరిది బండిలో అలాంటిదే ఒక చిన్న కర్ర చూశాను. "ఇదేమిటి?" అన్నాను. "అది మీకెందుకు వదినా" అన్నాడు నవ్వుతూ. అప్పటికి నాకు కారు నడపడం వచ్చి ఎనిమిదేళ్ళు. కూరగాయల బజారుకీ, పిల్లల ట్యూషన్లకీ నేనే నడుపుతాను. ఆ "మీకెందుకు" నాకు నచ్చలేదు. టిఫిను క్యారియరు పక్కన పెట్టి లేచాను.

ఆ బాటని చూసుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆ చుట్టుపక్కల ఊరివాడే, పాతికేళ్ళు ట్రాక్టరు తోలినవాడు. నేను డ్రైవరు సీటు ఎక్కబోతుంటే ఆపారు. "ముందుగాల దిగున్రి అమ్మా. కాళ్ళతోని నడిచి చూడున్రి. కండ్లతోని ఒకపాలి నడిపినంకనే బండితోని నడపాలె" అన్నారు.

అసలు విద్య అంతా ఆ మాటలోనే ఉందని నాకు తరవాత తెలిసింది. కష్టమైన చోటు రాగానే బండి ఆపి, దిగి, నడిచి చూడాలి. ఎడమ చక్రం ఏ రాయి మీద ఎక్కుతుంది, కుడి చక్రం ఎక్కడ దిగుతుంది, బండి కింద ఏది తగులుతుంది, గండి అవతల ఏముంది, ఇవన్నీ చూసి మనసులో గీత గీసుకోవాలి. పెద్ద రాయి కనిపిస్తే దాన్ని రెండు చక్రాల మధ్యకి రానిచ్చి మీదుగా పోదామనిపిస్తుంది. అది తప్పు. బండి పొట్ట కింద ఇంజను ఆయిలు ఉండే తొట్టె, ఇరుసు మధ్యలో గుమ్మడికాయలాంటి ఉబ్బు ఉంటాయి. రాయి తగిలితే అవే పగులుతాయి. చక్రాన్నే రాయి మీదికి ఎక్కించాలి. అప్పుడు పొట్ట దానంతట అదే పైకి లేస్తుంది. ఈ ఒక్కటి తెలిస్తే సగం దారి తెలిసినట్టే.

రెండోది, బయట నిలబడి దారి చూపే మనిషి. సీట్లో కూర్చున్నవాళ్ళకి ముందు చక్రం కనపడదు. అందుకని ఒకరు ఎదురుగా నిలబడి చేతులతో చెప్పాలి. ఒక్కరే చెప్పాలి! నలుగురు నాలుగు వైపుల నుంచి "ఎడమకి, ఎడమకి", "కాదు, కుడికి" అంటే ఏమవుతుందో పెళ్ళివారింట వంట చేసిన ప్రతివారికీ తెలుసు.

ఇక ఆ చిన్న కర్ర. దాన్ని వెనక్కి లాగితే రెండు పనులు జరుగుతాయి. మామూలుగా రెండు చక్రాలకే వెళ్ళే బలం నాలుగింటికీ వెళుతుంది. అది ఒకటి. రెండోది, గేర్లన్నీ ఇంకా చిన్నవైపోతాయి. దీన్ని 'లో రేంజి' అంటారు. ఇంజను అదే వేగంతో తిరుగుతుంది గాని, చక్రాలు సుమారు రెండున్నర రెట్లు నెమ్మదిగా తిరుగుతాయి, అంతకు తగ్గ బలం పెరుగుతుంది. మిక్సీకీ గ్రైండరుకీ తేడా చూడండి. మిక్సీ గిరగిరా తిరుగుతుంది, గట్టి పిండి వేస్తే మూలిగి ఆగిపోతుంది. గ్రైండరు రాయి నింపాదిగా తిరుగుతూ గారెల పిండిని కూడా వెన్నలా రుబ్బుతుంది. లో రేంజిలో మొదటి గేరు వేస్తే బండి మనిషి నడకతో పోతుంది. యాక్సిలరేటరు మీద కాలు ఆనించినా ఆనించకపోయినా రాళ్ళ మీద పాకుతూ ఎక్కుతుంది. మగవాళ్ళు రొమ్ము విరుచుకుని స్టీరింగుతో కుస్తీ పట్టి ఎక్కిస్తున్నారని ఇన్నాళ్ళూ వేపచెట్టు కింద నుంచి నేను అనుకున్నదంతా వట్టిది. ఎక్కించేది ఆ చిన్న గేరు. "జోరు గాదమ్మా, నిమ్మలం. నిమ్మలంగ పోనియ్యున్రి, బండే పోతది" అన్నారు పెద్దమనిషి. మా మరిది మాత్రం కొంచెం చిన్నబోయాడు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మోటారు కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ అనే జర్మను ఆయన, దాన్ని దూరం నడపడానికి జంకుతూ కూర్చుంటే, ఆయన భార్య బెర్తా 1888 ఆగస్టులో ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌సైమ్‌లో ఉన్న పుట్టింటికి కారులో బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైమాట. పెట్రోలు బంకులు లేని రోజులు. దారిలో మందుల షాపులో మరకలు తుడిచే ద్రావకం కొని పోసుకుంది. ఇంధనం గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తు వచ్చినప్పుడల్లా బండి ఎక్కలేకపోతే పిల్లలు దిగి తొయ్యాల్సి వచ్చింది. ఇంటికొచ్చి భర్తతో ఏమని చెప్పిందో తెలుసా? ఎత్తులు ఎక్కడానికి ఇంకో చిన్న గేరు కావాలని. పుట్టింటికి పోయి వచ్చిన ఒక ఇల్లాలు అడిగిన గేరండీ అది!

నాలుగు చక్రాలకీ బలం ఉన్నా ఒక్కోసారి బండి కదలదు. ముందు ఇరుసుకి ఒక చక్రం, వెనక ఇరుసుకి ఒక చక్రం గాలిలో లేచి గిరగిరా తిరుగుతాయి, మిగతా రెండూ ఊరికే ఉంటాయి. నేను మొదటిసారి అలా ఆగినప్పుడు బండి పాడైందనుకున్నాను. కారణం ఇదీ. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఎడ్లబండికి చక్రాలు దేనికవే తిరుగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. మోటారు బండికి ఇరుసు మధ్యలో 'డిఫరెన్షియల్' అనే పళ్ళచక్రాల అమరిక పెట్టారు, ఇందాక గుమ్మడికాయ అన్నానే, అందులో. దాని గుణం ఏమిటంటే, తేలిగ్గా తిరిగే చక్రానికే తిరుగుడంతా ఇచ్చేస్తుంది. మన ఇళ్ళలో కింది వాటాలో కొళాయి పూర్తిగా తిప్పితే మేడమీద చుక్క రాదు చూడండి, అచ్చంగా అంతే. కొన్ని బళ్ళలో ఆ కింది కొళాయి కట్టేసే ఏర్పాటు ఉంటుంది. లాకు అంటారు. లేని బళ్ళలో గాలిలో ఉన్న చక్రం కింద రాళ్ళు పేర్చాలి, లేదా వెనక్కి వచ్చి ఇంకో గీత చూసుకోవాలి. అంతేగాని యాక్సిలరేటరు తొక్కీ తొక్కీ చక్రం తిప్పితే, అది హఠాత్తుగా నేలకు తగిలిన క్షణాన ఇరుసు విరుగుతుంది.

టైర్లలో గాలి సంగతి కూడా చిత్రమైందే. రోడ్డు మీద 30 పౌండ్లు ఉంటే, బాట మీదకి దిగేముందు 20 పౌండ్ల దాకా తగ్గిస్తారు. మెత్తబడిన టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది, బురదలో తక్కువ దిగబడుతుంది. పచ్చిక మీద పెళ్ళి విందులకి మడమ చెప్పులేసుకెళ్ళి దిగబడిపోయినవాళ్ళకి, మామూలు చెప్పులవాళ్ళు ఎందుకు దిగబడలేదో వేరే చెప్పక్కర్లేదు. కాని తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు గాలి నింపడం మరవకూడదు. మెత్తని టైరుతో వేగంగా పోతే వేడెక్కి పేలుతుంది. గాలి కొట్టే చిన్న పంపు బండిలోనే ఉండాలి.

చేతుల సంగతి. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్ళు చక్రం లోపలికి చుట్టకూడదు, పైన ఆనించి ఉంచాలి. చక్రం రాయికి తగిలితే స్టీరింగు ఒక్కసారిగా విదిలిస్తుంది, వేలు విరుగుతుంది. గాజుల చేతులవాళ్ళం, మనకి ఇంకా జాగ్రత్త అవసరం. మట్టి గాజులు తీసి డబ్బాలో పెట్టుకోండి. చీర వద్దని నేను అనను గాని, బ్రేకు దగ్గర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుంటాయి. నేను సల్వారు కమీజు వేసుకుని చున్నీ ముడి వేశాను, కాళ్ళకి బూట్లు. బండిలో నీళ్ళ సీసాలూ టిఫిను డబ్బాలూ కట్టేసి ఉంచాలి. దొర్లిన సీసా బ్రేకు కిందికి పోయిందంటే కాలు దిగదు. నెమ్మదిగా పోతున్నాం కదా అని సీటు బెల్టు మానకూడదు. బళ్ళు బోల్తా పడేది ఇలాంటి చోటే.

ఇప్పుడు ఎత్తు. నేను భయపడింది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నిలువు గట్టు, ఇంటి మేడంత. సీట్లో వెనక్కి వాలిపోతే ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడదు. లో రేంజిలో రెండో గేరు వేసి, ఒకే తీరున కాలు ఉంచి ఎక్కమన్నారు. ముప్పావు వంతు ఎక్కాను. వెనక చక్రం గులకరాళ్ళ మీద జారినట్టు తోచింది. నేను బెదిరి కాలు తీసేశాను. ఇంజను ఆగిపోయింది. నిశ్శబ్దం. కింద మా అమ్మాయి "అమ్మా!" అనడం వినపడింది.

అలాంటప్పుడు మనసు చెప్పేది ఏమిటంటే, క్లచ్చి తొక్కి బండిని వెనక్కి జారనివ్వడం, లేదా స్టీరింగు తిప్పి పక్కకి మళ్ళించడం. రెండూ ప్రాణం తీసేవే. క్లచ్చి తొక్కితే బండికి పట్టు పోతుంది, బ్రేకు ఒక్కటే ఆపాలి, అది ఆగదు. పక్కకి తిప్పితే బండి అడ్డంగా తిరిగి దొర్లిపోతుంది. చేయవలసింది ఇదీ. ముందు కాలిబ్రేకు గట్టిగా తొక్కి, చేతిబ్రేకు కూడా లాగాలి. అప్పుడు, బ్రేకు వదలకుండా, క్లచ్చి తొక్కి వెనక గేరు వేయాలి. ఇంజను స్టార్టు చేసి, కాలిబ్రేకు వదలకుండానే చేతిబ్రేకు దించాలి. తరవాత క్లచ్చి నెమ్మదిగా పూర్తిగా వదులుతూ, దానితోపాటే కాలిబ్రేకు మెల్లగా వదలాలి. ఇక ఇంజనే బండిని పట్టుకుని, ఎక్కిన గాడిలోనే తిన్నగా, వెనక్కి దించుతుంది. అద్దాల్లో చూస్తూ స్టీరింగు నిటారుగా ఉంచడమే మన పని. పెద్దమనిషి పక్కన నడుస్తూ ఒక్కొక్క మాటా చెప్పారు. నా మోకాలు వణుకుతూనే ఉంది. బండి మాత్రం తాబేలులా దిగింది. రెండోసారి కాలు తీయలేదు, ఎక్కేశాను.

దిగడం కూడా అంతే. లో రేంజి మొదటి గేరు, క్లచ్చి మీద కాలు లేదు, బ్రేకు ఎంత తక్కువ వాడితే అంత మంచిది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు ఆగిపోయి బండి బల్లమీద సబ్బులా జారుతుంది. పక్కకి ఒరిగిన నేల మీద మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. అక్కడ బండి పల్లంలోకి జారడం మొదలుపెడితే స్టీరింగు పల్లం వైపే తిప్పాలట. మీదికి తిప్పితే బోల్తా. తెలిసినా చెయ్యి వెళ్ళదు. నేను ఆ ముక్క మా మరిదికే వదిలేస్తాను. అందులో సిగ్గేమీ లేదు.

బురద గురించి చేవెళ్ళ రైతుల్ని అడగాలి. మొయినాబాద్ వైపు ఎర్ర చల్కా నేల, వాన వెలిస్తే త్వరగా ఆరుతుంది. చేవెళ్ళ దాటి పడమటికి పోయేకొద్దీ నల్లరేగడి కనిపిస్తుంది. వాన పడ్డాక రేగడిలో ఎంత మంచి బండైనా ఒకటే. టైరు గాళ్ళు బంకమట్టితో నిండి నున్నగా అయిపోతాయి. దిగబడితే చక్రం తిప్పకుండా వెంటనే ఆపేయాలి. తిప్పినకొద్దీ గుంత తవ్వుకున్నట్టే. పారతో చక్రం ముందు మట్టి తీసి, కొమ్మలో గోనెసంచులో పరిచి, వెనక్కి వచ్చే ప్రయత్నం చేయాలి. అదీ కాకపోతే ఇంకో బండితో లాగించాలి. అందుకే ఒంటి బండితో ఎవరూ ఇలాంటి దారిన పోరు. లాగేటప్పుడు పట్టీని బండి చట్రానికి ఉండే కొక్కేనికే కట్టాలి. పట్టీ తెగితే కొరడాలా కొడుతుంది కాబట్టి పిల్లల్నీ చూడవచ్చినవాళ్ళనీ పట్టీ పొడుగుకు రెట్టింపు దూరంలో నిలబెట్టాలి. పట్టీ మీద ఒక బరువైన దుప్పటి వేస్తే ఆ విసురు తగ్గుతుంది.

ఇక నీళ్ళు. మొదట్లో "మనకు అవసరం" అన్నానే, అది ఇందుకోసమే.

ఆ బాట చివర వాగు మోకాలికి తక్కువ లోతు. అయినా పెద్దమనిషి నన్ను కర్ర పట్టుకుని నడిపించారు. అడుగు గట్టిగా ఉందా, గుంతలున్నాయా, నీళ్ళు ఎంత తోస్తున్నాయి, అవతలి గట్టు ఎక్కేట్టు ఉందా. నడవలేని నీళ్ళలో నడపకూడదు, ఇదొక్కటే కొలత. నిలవ నీళ్ళయితే చక్రం సగానికి లోపే. నెమ్మదిగా, ఆగకుండా, గేరు మార్చకుండా పోవాలి. నీళ్ళలో ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయకూడదు. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్ళు లోపలికి పోయి ఉంటే ఇంజను విరుగుతుంది. బయటికొచ్చాక బ్రేకు నాలుగుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టాలి.

పారే నీళ్ళ మాట వేరు. కారు ఇనప వస్తువు, బరువైంది, కదలదు అనుకుంటాం. ఖాళీ ఇత్తడి బిందె బరువైందే, నీళ్ళ తొట్టెలో తేలడం లేదూ? అడుగు లోతున్న ప్రవాహం చిన్న కారుని ఎత్తుకుపోగలదు. రెండడుగులుంటే పెద్ద జీపులూ నిలవవు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. వీధుల్లో కార్లు కాగితం పడవల్లా పోయాయి. 2021 ఆగస్టు నెలాఖరున వికారాబాద్ జిల్లాలో కొత్తగా పెళ్ళైన జంట, బంధువులు వస్తున్న కారు పొంగుతున్న వాగులో కొట్టుకుపోయింది. పెళ్ళికూతురు దక్కలేదు.

పోయిన శ్రావణంలో మేమిద్దరం పరిగి వైపు ఒక పేరంటానికి వెళ్ళి వస్తున్నాం. నడుపుతున్నది మావారు. చీకటి పడుతోంది. ఒక కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయి. మా ముందు ఒక లారీ దాటిపోయింది. "లారీ పోయింది కదా, మనమూ పోదాం" అన్నారు. నేను తలుపు తీసి దిగాను. గొడుగు పట్టుకుని అంచు దాకా వెళ్ళాను. నీళ్ళు మట్టిరంగు, కల్వర్టుకి రెండు వైపులా ఉండే తెల్లరాళ్ళు కనపడటం లేదు. అంచు కనపడని దారి దారి కాదని ఎంకపల్లిలో నేర్చుకున్నాను. "నేను ఎక్కను. మీరూ వెళ్ళకూడదు" అన్నాను. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత బండి వెనక్కి తిప్పారు. పేరంటం వాళ్ళింట్లోనే ఆ రాత్రి పడుకున్నాం. పొద్దున్న వస్తూ చూస్తే కల్వర్టు అంచు రెండు గజాల మేర లేదు. ఆయన బండి ఆపి, దిగి, చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

ఈ విద్య మీకు ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేను. జర్మనీకే చెందిన యూటా క్లైన్‌ష్మిట్ అనే ఆవిడ 2001లో ఎడారిలో జరిగిన పారిస్-డాకర్ పందెంలో కార్ల విభాగంలో గెలిచింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. తెలిసినవాళ్ళ బండి ఉంటే, నేర్పేవాళ్ళు పక్కన ఉంటే, ఒక ఆదివారం వేపచెట్టు కింద నుంచి లేచి చూడండి. మొదట దిగి నడవండి. బాటలో బురద అడ్డం వచ్చిందని పక్క గడ్డిలోంచి కొత్త దారి తొక్కకండి. తెచ్చిన ప్లాస్టిక్కు తిరిగి తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక బండి పొట్ట కింద చిక్కిన ఎండుగడ్డి తీసేయండి, పొగగొట్టం వేడికి అంటుకుంటుంది.

మా నాన్నగారు ఇప్పుడు పెద్దవారై పరిగిలోనే ఉంటున్నారు. నేను గట్టు ఎక్కిన రోజు రాత్రి ఫోను చేసి చెప్పాను. ఆయన ఎక్కడం గురించి అడగలేదు. "దిగేటప్పుడు ఏ గేరుల దిగినవు బిడ్డా?" అన్నారు. "చిన్న కర్ర లాగి, ఒకటో గేరులో" అన్నాను. "క్లచ్చి మీద కాలు?" "పెట్టలేదు." అవతల అమ్మని పిలిచి ఆ మాట చెప్పడం వినపడింది.